పాత హారర్ గేమ్ డిస్కుకి ఎంత పలుకుతుంది? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు వాళ్ల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

సొరుగులో పాత పీఎస్‌1, పీఎస్‌2 (సోనీ ప్లేస్టేషన్ 1, 2) హారర్ గేమ్ దొరికినవాళ్ల కోసం, పాత సామాన్ల కొట్టులో ఒకటి కంటపడి కొనాలా వద్దా అని తేల్చుకోలేని వాళ్ల కోసం ఇది రాశాం. ధర సంగతి తర్వాత. మన వైపు ముందు తేలాల్సింది చేతిలో ఉన్నది ఒరిజినలా కాదా అన్నది.

పాత హారర్ గేమ్ అంటే అన్నీ విలువైనవేనా?

కాదు. పాతబడినంత మాత్రాన ఏ డిస్కుకూ ధర రాదు. కావాలనుకునేవాళ్లు ఎక్కువై, మార్కెట్లో కాపీలు తక్కువైతేనే వస్తుంది. 1998లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2 గొప్ప ఆటే. కానీ దాన్ని తయారుచేసిన క్యాప్‌కామ్ సొంత లెక్క ప్రకారమే పీఎస్‌1 మీద అది 49 లక్షలకు పైగా అమ్ముడైంది. అందుకే దొరకడం కష్టం కాదు, ధర కూడా ఓ మోస్తరుగానే ఉంటుంది.

రూల్ ఆఫ్ రోజ్ సంగతి దీనికి పూర్తిగా వేరు. 2006లో వచ్చిన పీఎస్‌2 గేమ్. అమెరికాలో అట్లస్ విడుదల చేసింది. యూరప్‌లో రాజకీయ నాయకుల నుంచి దుమారం లేవడంతో బ్రిటన్‌లో విడుదలే ఆపేశారు. తక్కువ కాపీలు, దానికి తోడు వివాదం, తర్వాత పెరిగిన అభిమానులు. ఈ మూడూ కలిసి అమెరికన్ కాపీని వందల డాలర్లకు ఎక్కించాయి. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2004లో చేసిన కువాన్ కూడా అదే వరసలో ఉంది. ఆ కంపెనీ తర్వాత చేసిన ఆటలతో పేరు తెచ్చుకోవడం వల్ల పాత ఆటలకూ గిరాకీ పెరిగింది. క్యాప్‌కామ్ వారి హాంటింగ్ గ్రౌండ్ (2005), టెక్మో వారి ఫేటల్ ఫ్రేమ్ వరస, 1999 నాటి మొదటి సైలెంట్ హిల్ కూడా కలెక్టర్లు వెతికేవే.

రీమేక్ వస్తే పాతదాని ధర పడిపోతుందా?

ఆట ఆడుకోవడానికి మాత్రమే కొనేవాళ్లు రీమేక్ వైపు వెళ్లిపోతారు. మరోపక్క ఆ పేరు మళ్లీ అందరి నోటా నలగడంతో పాత డిస్కు కోసం కొత్తవాళ్లు వస్తారు. కాబట్టి సైలెంట్ హిల్ 2 రీమేక్ (2024 అక్టోబరు) లాంటిది వచ్చినప్పుడు కంగారుపడి అమ్మేయొద్దు, ఆశపడి కొనేయొద్దు. రెండు మూడు నెలలు అమ్మకాలను గమనించి అప్పుడు తేల్చుకోండి.

నా దగ్గరున్నది ఒరిజినలా, కాపీ సీడీనా? ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. మన ఊళ్లలో పీఎస్‌2 ఇంటింటికీ వచ్చిన రోజుల్లో ఎక్కువ మిషన్లకు కాపీ డిస్కులు కూడా ఆడేలా చిప్ వేసే అమ్మారు. వాటితో పాటు వచ్చిన డిస్కుల్లో ఎక్కువ భాగం రైటర్‌లో కొట్టినవే. వాటికి కలెక్టర్ల దగ్గర విలువ సున్నా.

డిస్కుని తిరగేసి మధ్య కన్నం చుట్టూ ఉన్న అద్దంలాంటి వలయాన్ని చూడండి. ఫ్యాక్టరీలో అచ్చుకొట్టిన డిస్కుకి అక్కడ సన్నటి ముద్రణ కోడు, తరచుగా బార్‌కోడ్, చాలావాటికి ఐఎఫ్‌పీఐ (IFPI) అనే అక్షరాలు ఉంటాయి. రైట్ చేసిన డిస్కు అడుగున మాత్రం రెండు ఛాయలు కనిపిస్తాయి. డేటా ఉన్నంత మేర ఒక రంగు, ఖాళీగా మిగిలినచోట ఇంకో రంగు, మధ్యలో గిరిగీసినట్టు స్పష్టమైన అంచు. లైటు కింద కాస్త ఏటవాలుగా పట్టుకుంటే ఇట్టే తెలిసిపోతుంది.

రంగు ఒక్కటే చూసి తేల్చేయకూడదు. పీఎస్‌1 ఒరిజినల్ డిస్కు అడుగు నల్లగా ఉంటుంది, నిజమే. కానీ నల్లటి ఖాళీ సీడీలు కూడా బజార్లో దొరికేవి. పీఎస్‌2లో సీడీ రకం ఒరిజినల్స్ నీలంగా, డీవీడీ రకం వెండి రంగులో ఉంటాయి. ఆ నీలాన్ని చూసి కాపీ అనుకుని పారేసేవాళ్లు ఉన్నారు. జాగ్రత్త.

పైముఖం కూడా చూడండి. ఒరిజినల్‌కి బొమ్మ నేరుగా డిస్కు మీదే అచ్చై ఉంటుంది. కాపీకి స్టిక్కరైనా ఉంటుంది, తడి వేలు తగిలితే కరిగే ఇంకైనా ఉంటుంది. కవరు కాగితాన్ని 10 రెట్ల భూతద్దంతో చూస్తే, ఆఫ్‌సెట్‌లో అచ్చైనది చిన్న చిన్న చుక్కలు పువ్వులా అల్లుకున్నట్టు కనిపిస్తుంది. ప్రింటర్‌లో తీసినదానికి ఆ అల్లిక ఉండదు, అడ్డగీతలు పడతాయి.

ఆఖరి పరీక్ష చిప్ వేయని, డిస్కు ఏ ప్రాంతం (అమెరికా, యూరప్, జపాన్) కోసం తయారైందో అదే ప్రాంతపు మిషన్‌లో పెట్టి చూడడం. సోనీ పీఎస్‌1 డిస్కుల లోపలి అంచు గాడిని ఒక పద్ధతిలో వంకర్లు తిప్పి, అందులో ప్రాంతాన్ని తెలిపే నాలుగు అక్షరాలు దాచింది. మామూలు రైటర్ ఆ వంకర్లను రాయలేదు. అందుకే చిప్ లేని మిషన్ కాపీని ఒప్పుకోదు. చిప్ వేసిన మిషన్‌లో ఆడింది కాబట్టి ఒరిజినల్ అని ఎవరైనా అంటే ఆ మాటకు విలువ లేదు.

డిస్కు మీద ఉన్న కోడు ఏం చెప్తుంది?

ఏ ప్రాంతం కోసం తయారైందో చెప్తుంది. ఎస్‌ఎల్‌యూఎస్, ఎస్‌సీయూఎస్ అని ఉంటే అమెరికాది. ఎస్‌ఎల్‌ఈఎస్, ఎస్‌సీఈఎస్ అయితే పాల్, అంటే యూరప్ తరహా. మన దేశంలో అధికారికంగా అమ్మినవీ పాల్ రకమే. ఎస్‌ఎల్‌పీఎస్, ఎస్‌ఎల్‌పీఎం, ఎస్‌సీపీఎస్ జపాన్‌వి. సైలెంట్ హిల్ 2 అమెరికన్ కాపీ కోడు ఎస్‌ఎల్‌యూఎస్-20228. పెట్టె వెన్ను మీద, డిస్కు మీద ఒకే కోడు ఉండాలి. వేరుగా ఉంటే రెండు కాపీల ముక్కలు కలిపారని అర్థం.

ఒకే ఆటకి ప్రాంతాన్ని బట్టి ధర చాలా మారుతుంది. పరాసైట్ ఈవ్ (1998) అసలు యూరప్‌లోనే రాలేదు. మిషిగన్ అనే పీఎస్‌2 హారర్ గేమ్ యూరప్‌లో వచ్చి అమెరికాలో రాలేదు. జపాన్ కాపీలు సాధారణంగా చవక, కానీ ఆట జపనీస్‌లో ఉంటుంది.

ఎర్ర లేబుల్, ప్లాటినం కాపీలకు ధర ఎందుకు తక్కువ?

అవి బాగా అమ్ముడైన ఆటలను తక్కువ ధరకు మళ్లీ అచ్చేసినవి. అమెరికాలో గ్రేటెస్ట్ హిట్స్ పేరుతో పీఎస్‌1కి ఆకుపచ్చ గుర్తు, పీఎస్‌2కి ఎర్ర గుర్తు వేశారు. యూరప్‌లో ప్లాటినం అన్నారు. కలెక్టర్లకు కావాల్సింది మొదటి విడత. సైలెంట్ హిల్ 2 విషయంలో ఎర్ర గుర్తు కాపీలో మరియా పాత్రతో అదనపు అధ్యాయం ఉంది, మొదటి విడతలో అది లేదు. కాబట్టి ఆడుకోవడానికి కొనేవాళ్లకు ఎర్రదే మేలని మా అభిప్రాయం.

పెట్టె పోయింది, పుస్తకం లేదు. విలువ ఎంత తగ్గుతుంది?

బాగా తగ్గుతుంది. అరుదైన ఆటల్లో పెట్టె, కవరు కాగితం, లోపలి పుస్తకం కలిపి ఒక్కోసారి డిస్కుతో సమానమైన ధర పలుకుతాయి. డిస్కుని జాగ్రత్తగా దాచినవాళ్లు కూడా పుస్తకాన్ని పారేశారు. అందుకే ఇప్పుడు కాగితమే కరువు.

పూర్తి కాపీ అంటే డిస్కు లేదా డిస్కులన్నీ, ఒరిజినల్ పెట్టె, కవరు కాగితం, పుస్తకం. రిజిస్ట్రేషన్ కార్డు, ప్రకటనల కాగితాలు ఉంటే ఇంకా మంచిది. రెసిడెంట్ ఈవిల్ 2 రెండు డిస్కులు, లియాన్‌ది ఒకటి, క్లేర్‌ది ఒకటి. ఒకటి లేకపోతే అది పూర్తి ఆట కానే కాదు. 2001లో యూరప్‌లో వచ్చిన సైలెంట్ హిల్ 2 తొలి విడతకి అట్ట తొడుగు, తయారీ విశేషాల డీవీడీ కూడా ఉన్నాయి. ఆ తొడుగు లేకుండా పూర్తి కాపీ అని చెప్పి అమ్మకూడదు.

పగిలిన పెట్టె పెద్ద నష్టం కాదు. పీఎస్‌1 సీడీ పెట్టెని మామూలు సీడీ పెట్టెతో మార్చొచ్చు. కవరు కాగితాన్ని మాత్రం కొత్తగా ప్రింట్ తీసి పెట్టొద్దు. పెడితే ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పి తీరాలి.

గీతలు పడ్డాయి. పాలిష్ చేయించొచ్చా?

ముందు గీత ఏ దిక్కున ఉందో చూడండి. మధ్య నుంచి అంచుకి వెళ్లే గీతని మిషన్ చాలావరకు సర్దుకుంటుంది, ఎందుకంటే ఒక్కో చుట్టులో పోయే డేటా కొంచెమే. చుట్టూ తిరిగినట్టు పడ్డ గీత అలా కాదు, వరసగా ఒకేచోట డేటాని దెబ్బతీస్తుంది.

సీడీకి పైముఖమే సున్నితం. 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంతా డేటాకి అడుగునే ఉంటుంది. బొమ్మ వైపు పలచటి లక్క పూత తప్ప ఇంకేమీ లేదు. అక్కడ లోతుగా గీత పడితే డేటా పొర ఊడిపోతుంది, దాన్ని ఎవరూ బాగుచేయలేరు. డీవీడీలో డేటా రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది కాబట్టి ఆ భయం తక్కువ. బ్లూరేలో డేటా అడుగు నుంచి కేవలం 0.1 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది, దాన్ని పాలిష్ చేస్తే ఆశలు వదులుకోవాల్సిందే.

పాలిష్ మిషన్ చేసేది అడుగు ప్లాస్టిక్‌ని కొంత చెక్కేయడం. ఆడని డిస్కుకి అది ఆఖరి మందు. ఆడుతున్న అరుదైన డిస్కుకి మాత్రం చేయించొద్దు. పాలిష్ తర్వాత మిగిలే సన్నటి సుడిగీతలు కలెక్టర్లకు దూరం నుంచే తెలుస్తాయి, ధర తగ్గిస్తారు. టూత్‌పేస్టు రుద్దడం అసలే వద్దు.

తుడవాలంటే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లు చాలు. మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ తగిలితే ప్లాస్టిక్ మసకబారుతుంది.

పైకి బాగానే ఉంది కానీ ఆడట్లేదు. ఎందుకు?

చీకటి గదిలో ఫోన్ టార్చి ముందు డిస్కుని పట్టుకోండి. సూదిమొనంత వెలుతురు చుక్కలు కనిపిస్తే లోపలి మెరుపు పొర పాడైనట్టే. తేమ లోపలికి దిగినా, డీవీడీలో రెండు పలకల మధ్య జిగురు వదిలినా ఇలా అవుతుంది. డీవీడీ అంచు దగ్గర గోధుమరంగు మరక, మబ్బులాంటి మచ్చ కనిపించినా అదే. దీనికి మందు లేదు. ఒకటి రెండు చుక్కలుంటే ఆడొచ్చు, కానీ అమ్మేటప్పుడు ఆ ఫోటో చూపించాలి.

మధ్య కన్నం దగ్గర వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయేమో కూడా చూడండి. పెట్టెలో గుండీని నొక్కకుండా డిస్కుని వంచి లాగేవాళ్ల దగ్గర ఇవి వస్తాయి. మిషన్‌లో వేగంగా తిరిగేటప్పుడు పగులు పెరుగుతుంది. అలాంటి డిస్కుని పరీక్ష పేరుతో కూడా మళ్లీ మళ్లీ తిప్పొద్దు.

ఆట మొత్తం ఆడకుండా డిస్కు అంతా బాగుందో లేదో తెలుసుకునే దారి ఉందా?

ఉంది. కంప్యూటర్ డీవీడీ డ్రైవులో పెట్టి, ఇమ్‌బర్న్ (ImgBurn) లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పీఎస్‌2 డీవీడీని ఇమేజ్‌గా, అంటే డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా, చదివించండి. వచ్చిన ఫైలుకి ఎండీ5 (ఫైలులోని డేటాని బట్టి వచ్చే గుర్తింపు అంకె) లెక్కకట్టి, రీడంప్ (Redump) అనే డేటాబేస్‌లో అదే కోడు, అదే వెర్షన్‌కి ఇచ్చిన అంకెతో పోల్చండి. సరిపోతే మొదటి బైటు నుంచి ఆఖరి బైటు దాకా డిస్కు చదవబడుతోందని అర్థం. ఆట మధ్యలో ఒక వీడియో దగ్గర ఆగిపోయే డిస్కులు ఇక్కడే దొరికిపోతాయి. కానీ కాపీ డిస్కు కూడా సరిపోవచ్చు. ఇది డిస్కు ఆరోగ్యం చెప్పే పరీక్ష, ఒరిజినల్ అని రుజువు చేసేది కాదు.

తుఫానులో పుస్తకం, కవరు తడిశాయి. ఏం చేయాలి?

2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018లో తిత్లీ గజపతి జిల్లాని ముంచెత్తినప్పుడు చాలా ఇళ్లలో కాగితాలు పాడయ్యాయి. గేమ్ పుస్తకాలు నున్నటి కాగితం. తడిసి అలాగే ఆరిపోతే పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, తర్వాత విడదీయడం సాధ్యం కాదు. ఆరకముందే చేతులు కదలాలి.

బురద ఉంటే మంచినీళ్లలో మెల్లగా ముంచి తీయండి. తడిగా ఉన్నప్పుడే పేజీల మధ్య బటర్ పేపరు పెట్టి, ఫ్యాను గాలికి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే కాగితం వంకర్లు పోతుంది, రంగు వెలుస్తుంది. ఒకేసారి చాలా తడిసిపోయి చేతికి పని మించితే, ఒక్కోదాన్ని జిప్ కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో పడేయండి. రెండు రోజుల్లోపు ఆ పని చేస్తే బూజు పట్టదు, తీరికగా ఒక్కోటి తీసి ఆరబెట్టుకోవచ్చు. కరెంటు లేకపోతే ఫ్రీజర్ పనికిరాదు కాబట్టి, ముందు అరుదైన వాటినే విడదీయడం మొదలుపెట్టండి.

ఆరిన తర్వాత బరువు కింద పెడితే చాలావరకు సాపు అవుతుంది. అయినా తడిసిన పుస్తకం తడిసినదే. అమ్మేటప్పుడు నీటి మరక ఉందని రాయండి.

సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఎలా దాచాలి?

మూత గట్టిగా బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా, అందులో చిన్న డిజిటల్ తేమ మీటరు, సిలికా జెల్. 30 లీటర్ల డబ్బాకి 200 నుంచి 300 గ్రాముల జెల్ వేయండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు, ఎండలో పెడితే సరిగ్గా ఆరదు. పెట్టెలను పుస్తకాల్లా నిలబెట్టి పేర్చండి.

కలరా ఉండలు మాత్రం డబ్బాలో వేయొద్దు. వాటి ఆవిరి సీడీ పెట్టెల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. చెదల భయం ఉంటే డబ్బాని గోడకి ఆనించకుండా, నేలకి ఎత్తులో ఉంచితే చాలు.

ధర ఎలా లెక్కకట్టాలి?

అమ్మకానికి పెట్టిన ధరలు చూడొద్దు, అమ్ముడైన ధరలు చూడండి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. ప్రైస్‌ఛార్టింగ్ సైటు అలాంటి అమ్మకాలనే కూడగట్టి విడి డిస్కు, పూర్తి కాపీ, సీల్ తీయనిది అని వేర్వేరుగా ధర ఇస్తుంది. మీ కాపీ ప్రాంతం, విడత, స్థితి ఒకేలా ఉన్న ఐదు తాజా అమ్మకాలు రాసుకోండి. అవి 60, 72, 75, 80, 140 డాలర్లు అనుకుందాం. సగటు తీయకండి, మధ్యలో ఉన్న 75 తీసుకోండి. ఆ 140 వెనక సీల్ తీయని కాపీయో, ఇద్దరు పంతం పట్టిన వేలమో ఉండొచ్చు.

ఆ అంకె విదేశీ మార్కెట్‌ది. మన దేశంలో కొనేవాళ్లు తక్కువ, అందరూ హైదరాబాదు, బెంగళూరు, ముంబై లాంటి చోట్ల ఉన్నారు. రూపాయల్లోకి మార్చిన మొత్తం చేతికి రావాలని పట్టుబడితే ఏళ్లు గడిచినా అమ్ముడు కాకపోవచ్చు.

సీల్ తీయని గేమ్‌ని గ్రేడింగ్‌కి పంపాలా?

గ్రేడింగ్ అంటే గేమ్ స్థితిని పరిశీలించి మార్కు ఇవ్వడం. మామూలు ఆటకైతే వద్దు. వాటా, వీజీఏ లాంటి సంస్థలు అమెరికాలో ఉన్నాయి. ఫీజు, రానూపోనూ ఖర్చు, కస్టమ్స్ కలిస్తే వందల డాలర్ల ఆటకి తప్ప గిట్టదు. 2021 జులైలో సీల్ తీయని సూపర్ మారియో 64 ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లకు పోయిందన్న వార్త చూసి చాలామంది ఆశపడ్డారు. ఆ ధర మామూలు మార్కెట్‌కి కొలమానం కాదు. సీల్ నిజమైనదో కాదో కూడా చూసుకోవాలి. వేడిగాలితో మళ్లీ ప్లాస్టిక్ చుట్టి అమ్మేవాళ్లు ఉన్నారు.

మన వైపు ఇవి ఎక్కడ దొరికే అవకాశం ఉంది?

బదిలీల మీద మనుషులు వచ్చిపోయే ఊళ్లలో. సునాబెడ హెచ్‌ఏఎల్ కాలనీ, దామంజోడి నాల్కో టౌన్‌షిప్, రాయగడ పక్కన జేకే పూర్ లాంటిచోట్ల ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెట్టెలకొద్దీ సామాను అమ్మేస్తారు. బరంపురంలో కాలేజీల చుట్టుపక్కల కొట్లలోనూ వెతకొచ్చు. గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్ల సామాన్లలో ఒరిజినల్ పెట్టెలు దొరికే అవకాశం ఎక్కువ.

డిస్కుల కట్ట చూపించి "మొత్తం తీసుకో బాబూ, ఒక్కోటి ఏరితే గిట్టదు" అంటే వెంటనే ఒప్పుకోవద్దు. ముందు ప్రతి డిస్కు లోపలి వలయం చూడండి.

అమెరికా పీఎస్‌2ని ఇక్కడి ప్లగ్గులో పెట్టొచ్చా?

వెనక స్టిక్కర్ మీద 120 వోల్టులని ఉంటే పెట్టొద్దు, కాలిపోతుంది. 230 నుంచి 110కి తగ్గించే 150 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 100-240 అని రాసి ఉంటే పిన్ను మారిస్తే చాలు.

విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ పడుతుందా?

పడుతుంది. గిఫ్టు అని రాయించినా తప్పించుకోలేరు, 2019 డిసెంబరులోనే ఆ మినహాయింపు ఎత్తేశారు. కొనేముందు అప్పటి సుంకం రేటు చూసుకుని, పోస్టు ఖర్చుతో కలిపి మొత్తం లెక్కకట్టండి. అమ్మేవాళ్లని తక్కువ ధర రాయమని అడగొద్దు. పార్శిల్ పోతే బీమా కూడా ఆ తక్కువ ధరకే వస్తుంది.

వేరే ఊరికి ఎలా పంపాలి?

పెట్టెని ముందు పలచటి జిప్ కవర్లో పెట్టి, బబుల్ రాపర్ రెండు చుట్లు వేసి, గట్టి అట్టపెట్టెలో అన్నివైపులా రెండు అంగుళాల మెత్తతో సర్దండి. టేపు గేమ్ పెట్టెకి తగలకూడదు. లోపలి వలయం, రెండు ముఖాలు, పుస్తకం మొదటి, చివరి పేజీలు, పెట్టె మూలలు ఫోటో తీసి ఉంచుకోండి. ప్యాక్ చేసే వీడియో ఆపకుండా ఒకే ముక్కగా తీయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. కొట్టమని అడిగితే అది మోసం.

పీ.టీ. ఉన్న పీఎస్‌4 దొరికింది. దానికీ విలువ ఉందా?

ఉంది. 2014 ఆగస్టులో ఉచితంగా వచ్చిన ఆ సైలెంట్ హిల్ డెమోని 2015లో స్టోర్ నుంచి తీసేశారు, మళ్లీ దించుకునే వీలు లేదు. మిషన్‌ని రీసెట్ చేయకండి, హార్డ్ డిస్కు మార్చకండి, పాత యూజర్‌ని తొలగించకండి. కానీ అది ఒక్క హార్డ్ డిస్కు మీద నిలబడ్డ విలువ, ఆ డిస్కు ఎప్పుడైనా పోవచ్చు. అందుకే దీనికి భారీ మొత్తం పెట్టమని మేం చెప్పం.

కాపీ డిస్కులు చాలా ఉన్నాయి. అవి అమ్ముకోవచ్చా?

అమ్మకూడదు. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద అది నేరం, జైలు శిక్షా జరిమానా రెండూ ఉన్నాయి. పారేసే ముందు వాటి పెట్టెలు తెరిచి చూడండి. కాపీ డిస్కు పెట్టిన పెట్టెలో ఒక్కోసారి ఒరిజినల్ పుస్తకం మిగిలి ఉంటుంది.